గొట్టంలో ఆగిన పొట్టు

జనవరి 19, సోమవారం

భయం వేసినప్పుడల్లా కాగితం మీద పెట్టమంది విశాఖలో డాక్టరమ్మ. కాన్పయ్యాక చాలామందికి ఇలాగే ఉంటుందట. రాసి వదిలేసి వారం తర్వాత చూసుకుంటే, ఏ ఒక్కటీ జరగలేదని నాకే అర్థమవుతుందట. సరే, ఇవిగో. శృంగవరపుకోట నుంచి మా ఆయన ప్రేమ్ అరకు వచ్చే బస్సు ఘాట్ రోడ్డు మలుపులో బోల్తా పడడం. గ్యాస్ లీకవడం. పాప వెన్నెల నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోవడం. మూడోది రోజూ ఉండేదే, దానికి కొత్తగా సిరా ఖర్చు పెట్టక్కర్లేదు.

సెలవు అయిపోయి ఇవాళ కాఫీ యూనిట్‌లో ఇంజనీరుగా మళ్ళీ చేరాను. ఎనిమిది నెలల పిల్లను ఎవరి చేతుల్లో పెట్టాలా అని నెల్లాళ్ళుగా ఏడుస్తుంటే, గంగ ఒక్క ముక్కలో తేల్చేసింది. "నా గుంటడు నా కాడే ఉంటాడు కదమ్మా. మీ గుంట కూడా ఉంటాది" అంది. గంగ గింజలేరే బల్లల దగ్గర పనిచేస్తుంది. ముంచింగిపుట్టు వైపు మనిషి. సోమవారం పుట్టాడని కొడుక్కి సోంబరు అని పేరు పెట్టుకుంది. షెడ్డులో బల్లల మీదుగా పోయే పెద్ద రేకు గొట్టం ఒకచోట వంగి గోడలోకి వెళ్తుంది. ఆ మలుపు కింద, గొట్టాన్ని మోసే ఇనుప కమ్మీకి రెండు చీరలు కట్టి రెండు ఉయ్యాలలు వేసింది.

పని మధ్యలో నాలుగైదు సార్లు వెళ్ళి వెన్నెల ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. బాగానే పీలుస్తోంది.

జనవరి 20, మంగళవారం

మేనేజరు సర్వేశ్వరరావు గారు నాకో పని పెట్టారు. యంత్రం కాఫీ గింజల మీది పొట్టు ఒలుస్తుంది. బ్లోయర్ ఆ పొట్టును గొట్టంలోకి పీల్చి, షెడ్డు పొడవునా లాక్కెళ్ళి, గోడ అవతల పొట్టు గదిలో పోస్తుంది. ఈ సీజన్ మొదలైన దగ్గర్నుంచీ గదిలో పడాల్సినంత పొట్టు పడడం లేదు. "మిగతాది ఎవరు తింటున్నారమ్మా ఉమా? మీ కంప్యూటర్లో గాలి వదిలి చూడండి" అన్నారు.

గాలి వదలడమంటే సిమ్యులేషన్. ఇన్నాళ్ళకి నాకు ఇష్టమైన పని దొరికింది. గొట్టం బొమ్మ గీసి, అందులో గాలి వేగం, పొట్టు బరువు అన్నీ చెప్తే, పొట్టు ఎలా కొట్టుకుపోతుందో తెర మీద చుక్కల్లా కనబడుతుంది. వేగంగా పోయే చుక్కలు ఎరుపు. నెమ్మదిస్తే నీలం. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించి నడిపాను. చుక్కలన్నీ ఎర్రగా ఒక్క పరుగున పోయి పొట్టు గదిలో పడ్డాయి. ఒక్క నలుసు కూడా దారిలో ఆగలేదు.

మరి పొట్టు ఏమైనట్టు?

జనవరి 21, బుధవారం

చలి చంపేస్తోంది. పొద్దెక్కినా మంచు విడవలేదు.

డ్రాయింగు పట్టుకుని షెడ్డులో గొట్టం వెంట నడిస్తే సంగతి తెలిసింది. ప్రతి బల్లకీ దుమ్ము పీల్చే మూతి ఒకటి ఉంది. ఆ మూతుల్లోంచి వచ్చే గాలంతా పైన పెద్ద గొట్టంలో కలవాలి. ఆడవాళ్ళు వాటిలో తువ్వాళ్ళు కుక్కేశారు. ఒక్క మూతి తప్ప అన్నీ మూసే ఉన్నాయి.

"ఏటి సేస్తామమ్మా, అది పీల్సినప్పుడల్లా గుమ్మంలోని సలిగాలి సేతుల మీదికొచ్చేత్తంది. ఏళ్ళు కొంకర్లు పోతే గింజలెలాగేరతాం?" అంది గంగ.

మరీ చలి పుడితే ఒక్కొక్కరూ లేచి, ఉయ్యాలల దగ్గరికి వెళ్ళి, గొట్టానికి అరచేతులు ఆనించి వస్తున్నారు. "మలుపు కాడ ఎచ్చగుంటాదమ్మా. అందుకే పిల్లల్నక్కడ కట్టాను" అంది. నేనూ చెయ్యి ఆనించి చూశాను. నిజమే, ప్రాణం లేచొచ్చింది. యంత్రం వేడి కాబోలు. వెన్నెల ఇంట్లో కన్నా అక్కడే బాగా నిద్రపోతోంది. ఇవాళ రెండుసార్లే వెళ్ళి చూశాను. నాకు తగ్గుతున్నట్టే ఉంది.

జనవరి 22, గురువారం

మూతులు మూసి ఉన్నట్టు పెట్టి సిమ్యులేషన్ మళ్ళీ నడిపాను. ఆ దారుల్లో గాలి రాకపోయేసరికి పెద్ద గొట్టంలో వేగం పడిపోయింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి చుక్కలు నీలమయ్యాయి. అడుక్కి జారాయి. ఆగిపోయాయి. వాటి మీద ఇంకొన్ని వచ్చి పడ్డాయి. నేను చూస్తుండగానే మలుపులో సగం దాకా దిబ్బ కట్టేసింది.

కనబడని పొట్టంతా అక్కడుంది. వెన్నెల నెత్తిన.

బరువుకి కమ్మీ ఊడితే? గొట్టం విరిగి ఉయ్యాలల మీద పడితే? వెంటనే ప్రేమ్‌కి ఫోన్ చేశాను. బ్యాంకులో కౌంటరు దగ్గర ఉన్నాడు. అంతా విని, "పొట్టు మీద పడి ఎవరైనా పోయారా ఉమా? నీ భయాల డిపార్టుమెంటుకి ఇంకో ఫైలు వచ్చింది, అంతే" అని నవ్వాడు. మంచివాడే. నా మనసు తేలిక పరచాలనే నవ్వుతాడు.

మేనేజరు గారికి చెప్పాను. ఆయనా నవ్వారు. "పొట్టు ఎక్కడుందో దొరికింది కదా, సంతోషించండి. ఎలా వదిలించాలో చూడండి" అన్నారు. చూశాను. మూతులన్నీ తెరిచి బ్లోయర్ ఫుల్లులో పెడితే, తెర మీద దిబ్బ అంచుల నుంచి కరుగుతూ, ఒక్కసారిగా లేచి, పొట్టు గదిలోకి ఎగిరిపోయింది. గొట్టం అద్దంలా మిగిలింది. ఎంత ముచ్చటగా ఉందో! అదే సలహా రాసిచ్చాను. సోమవారం జెండా పండగ సెలవు కాబట్టి, మంగళవారం పొద్దున్నే పెట్టుకుందామన్నారు.

కమ్మీ లెక్క కట్టాను. పొట్టుకి బరువెంత, కమ్మీ మోసేదెంత. ఇంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. కూలదు.

జనవరి 23, శుక్రవారం

ఇవాళ సంత. మధ్యాహ్నానికి బల్లలు సగం ఖాళీ అయ్యాయి. గంగ ఉంది.

మలుపు దగ్గర ఏదో మాడిన వాసన. రుచి చూసే గదిలో గింజలు వేయించారా అని మల్లేశుని అడగబోయాను. యంత్రం నడిపేది అతనే, షెడ్డులో ఎక్కడేం జరిగినా తెలుస్తుంది. మళ్ళీ మానుకున్నాను. కాఫీ యూనిట్‌లో మాడు వాసన వస్తోందని అడిగితే, ఉమమ్మ మళ్ళీ మొదలెట్టిందంటారు.

జనవరి 24, శనివారం

కూలదు. లెక్క ఇంకోసారి చేశాను. కూలదు.

జనవరి 25, ఆదివారం

ప్రేమ్ వచ్చాడు. బస్సు బోల్తా పడలేదు. ఈ వారం నేను భయపడ్డవాటిలో ఒక్కటైనా జరిగిందా అని అడిగాడు. ఒక్కటీ జరగలేదు. "చూశావా!" అని వెన్నెలను ఎగరేసి పట్టుకున్నాడు. అలా ఎగరేస్తే నాకు భయమని తెలుసు, అయినా ఎగరేస్తాడు.

వెన్నెల దుప్పటికి పొగ వాసన పట్టింది. గంగ ఇంటి పొయ్యిది అయ్యుంటుంది. ఉతికి ఆరేశాను.

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మనసు పీకుతోంది. ఎదురుగా ఉన్నదేదో చూసి కూడా చూడనట్టు ఉంది. ఇలా అనిపించడం కూడా జబ్బులో భాగమేనని డాక్టరమ్మ చెప్పింది.

జనవరి 26, సోమవారం

జెండా ఎగరేశాం. పిల్లలకి చాక్లెట్లు పంచాం. శనివారం సాయంత్రం ఆపిన యంత్రం ఆపినట్టే ఉంది. షెడ్డు తాళం తియ్యలేదు. రేపు పొద్దున్న మూతులన్నీ తెరిచి బ్లోయర్ ఫుల్లు.

జనవరి 27, మంగళవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు మూతుల్లోంచి తువ్వాళ్ళు లాగేసి ఉన్నారు. మేనేజరు గారు బ్లోయర్ పక్కన నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. మల్లేశు స్విచ్ దగ్గర ఉన్నాడు. గంగ అప్పటికే పిల్లలిద్దర్నీ ఉయ్యాలల్లో వేసేసింది. అలవాటు కొద్దీ వెన్నెల ముక్కు చూద్దామని వంగాను. వంగుతూ, ఆసరాకి గొట్టం మీద చెయ్యి వేశాను.

చురుక్కుమని కాలింది.

యంత్రం వేడి అనుకున్నాను. నిజంగా, ముందు అదే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, యంత్రం శనివారం సాయంత్రం నుంచీ ఆపే ఉంది. అరకు చలిలో రేకు గొట్టం వేడిగా ఉండడానికి యంత్రం ఎక్కడిది? గొట్టం వెంబడి యంత్రం వైపు వెళ్ళి అక్కడ ముట్టుకున్నాను. మంచుముక్క. మళ్ళీ మలుపు దగ్గరికి వచ్చి ముట్టుకున్నాను. వేడి. మాడు వాసన. వెన్నెల దుప్పటి. వెన్నెల ఒక్కసారి కూడా గంగ ఇంటికి వెళ్ళనేలేదు.

లోపల నిప్పు ఉంది. ఎప్పుడో గింజలతో పాటు రాయి పడి యంత్రంలో రవ్వ లేచి ఉంటుంది. అది గాలితో వచ్చి ఆగిన పొట్టులో దూరి, మంట లేకుండా లోలోపల కుములుతూ ఉంది. ఇన్నాళ్ళూ మేమంతా చేతులు కాచుకున్నది దాని మీద. ఇప్పుడు దానికి ఫుల్లుగా గాలి కొట్టమని రాసిచ్చింది నేను. ఆ నిప్పంతా లేచి పొట్టు నిండిన గదిలో పడుతుంది. అక్కడ అంటుకున్న మంట ఇదే గొట్టంలోంచి, ఇదే మలుపు మీదుగా వెనక్కి వస్తుంది.

నోరు తెరిచాను. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చిందేమిటంటే, భయాల డిపార్టుమెంటు అన్న ప్రేమ్ మాట. ఇంతమంది ముందు అరిచి, తీరా ఏమీ లేకపోతే? నా పిల్ల నిప్పు కింద పడుకుని ఉంది, నేను పరువు గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు.

గంగ నా మొహం చూసి దగ్గరికొచ్చింది. "ఏటయిందమ్మా?"

"గొట్టం వేడిగా ఉంది" అన్నాను. అంతే అనగలిగాను.

"రోజూ ఉంటాది కదా."

"యంత్రం ఆపే ఉంది కదా గంగా, మొన్నటి నుంచి."

గంగ మొహంలో రంగు పోయింది. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. షెడ్డు దద్దరిల్లేలా కేకేసింది. "మల్లేశూ! ఎయ్యకు! సెయ్యి తీసెయ్! లోపల నిప్పుంది!" అరుస్తూనే రెండు ఉయ్యాలల్లోంచి ఇద్దర్నీ తీసి చెరో చంకన వేసుకుంది. నేనింకా అక్కడే గుడ్లప్పగించి నిలబడి ఉంటే, భుజంతో నన్ను ఒక్క తోపు తోసింది. "నడండమ్మా, బేగి!"

అందరం బయటపడ్డాం. మల్లేశు మెయిన్ తీసేసి వచ్చాడు. ఫైరింజన్ వచ్చింది. గొట్టాన్ని ఊపకుండా చిన్న కన్నం చేసి, నీళ్ళు సన్నగా లోపలికి వదిలారు. చాలాసేపు పొగ కక్కింది. చల్లారాక రేకు కోసి చూపించారు. పొట్టంతా నల్లగా గడ్డ కట్టింది. నడిమధ్య ఇంకా ఎర్రగా ఉంది, మళ్ళీ నీళ్ళు కొట్టారు. బ్లోయర్ వేసి ఉంటే షెడ్డు మిగిలేది కాదని వాళ్ళ ఆఫీసరు అన్నాడు. షెడ్డు గురించే అన్నాడు, మనుషుల గురించి ఏమీ అనలేదు.

"మీ సిమ్యులేషన్ పుణ్యమమ్మా" అని మేనేజరు గారు అందరి ముందూ చేతులు జోడించారు. నేను తలూపాను. నా సిమ్యులేషన్లో నిప్పు అన్నదే లేదు. గాలి, పొట్టు, అంతే. నిప్పు సంగతి దాన్ని నేను అడగలేదు, అది చెప్పలేదు.

వెన్నెల ఫైరింజన్‌ని చూసి ఒకటే నవ్వు.

జనవరి 28, బుధవారం

ప్రేమ్ సెలవు పెట్టి వచ్చేశాడు. వెన్నెలను పట్టుకుని ఏడ్చాడు. నన్ను క్షమించమన్నాడు. నాకు కోపం రాలేదు. నా భయాన్ని నేనే నమ్మలేదు, అతనెలా నమ్ముతాడు?

సాయంత్రం గంగ మా క్వార్టరుకి వచ్చింది. సోంబరు చంకలో ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీదే కూర్చుంది. టీ ఇస్తే తాగకుండా పక్కన పెట్టింది.

"పొట్టక్కడ ఆగిపోయిందని మీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మొన్నే" అనబోయాను. నోటిదాకా వచ్చింది. "పోయిన సంత ముందు రోజు" అన్నాను.

"భయమేసిందా?"

"వేసింది."

"ఎవులికి సెప్పారు?"

"మా ఆయనకి. మేనేజరు గారికి."

"ఆళ్ళేటన్నారు?"

"నవ్వారు."

గంగ సోంబరు చొక్కా గుండీ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "కింద కూకున్నది మేము కదమ్మా" అంది.

"నిప్పని నాకూ తెలీదు గంగా. గొట్టం మీద పడుతుందేమోనని భయపడ్డాను. లెక్క కడితే పడదని వచ్చింది. వెన్నెల కూడా అక్కడే ఉంది కదా."

"లెక్కలు నాకేటి తెలుస్తాయమ్మా. పిల్లల్ని ఇవతలకి కట్టు గంగా అంటే కట్టీదాన్ని. ఎందుకని అడగను. ఊరికే భయమేస్తందన్నా కట్టీదాన్ని."

లేచి వెళ్ళిపోయింది. ఎప్పుడూ వెళ్తూ వెళ్తూ వెన్నెల బుగ్గ గిల్లేది. ఇవాళ గిల్లలేదు.

గంగకి ఎందుకు చెప్పలేదు? నవ్వుతుందని అనుకున్నానని రాయబోయాను. అది కూడా అబద్ధం. గంగకి చెప్పాలన్న సంగతే నాకు తట్టలేదు. ఆ షెడ్డులో రోజూ నా పిల్లను ఎత్తుకు తిరిగే మనిషి ఆవిడ.

జనవరి 30, శుక్రవారం

సంత. గంగ కనబడలేదు. నిన్న కూడా రాలేదు. ఇంక రాదేమోనని భయం. దీనికి ఏ డాక్టరూ అక్కర్లేదు, ఇది జబ్బు కాదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

గొట్టం కడిగారు. మలుపు దగ్గర కొత్త రేకు వేసి, లోపల చూసుకోవడానికి చిన్న తలుపు పెట్టించాను. షెడ్డు గుమ్మానికి మందపాటి గోనె తెరలు కట్టించాను, చలిగాలి చేతుల మీదికి రాకపోతే మూతులు ఎవరూ మూయరు. ఉయ్యాలలకి స్టోరు గది పక్కన వేరే చోటు చూశాను. సాయంత్రం మల్లేశు, నేనూ లైటు వేసి మరీ లోపలంతా చూశాం. శుభ్రంగా ఉంది. రేపు మొదలు.

ఫిబ్రవరి 2, సోమవారం

అందరూ వచ్చారు. గంగ కూడా వచ్చింది. నా వంక చూడకుండా వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. సోంబరు ఉయ్యాల స్టోరు గది పక్కన కట్టింది. ఒక్కటే కట్టింది. వెన్నెల నా చంకలోనే ఉంది.

"మొదలెడదామా?" అన్నారు మేనేజరు గారు, పొట్టు గది వైపు వెళ్తూ.

గొట్టం ముట్టుకున్నాను. చల్లగా ఉంది. వాసన లేదు. నిన్ననే నా కళ్ళతో చూశాను. అయినా లోపల ఎక్కడో, మా లైటు పడని చోట, ఒక్క నిప్పు కణం మిగిలిపోయిందేమో అన్న భయం పట్టుకుంది. ఆధారం ఏమీ లేదు. వెన్నెల ముక్కు దగ్గర వేలు పెట్టించే భయం లాంటిదే ఇదీ. మేనేజరు గారి వైపు ఒక అడుగు వేశాను. ఆగాను. వెనక్కి తిరిగి బల్లల దగ్గరికి వెళ్ళాను.

"నాకు భయంగా ఉంది" అన్నాను. "లోపల ఇంకా ఏదో ఉందేమో అనిపిస్తోంది. ఎందుకంటే చెప్పలేను. ఊరికే భయం."

గింజలేరే చేతులు ఆగాయి. గంగ నన్ను చూసింది. గింజల చేట పక్కన పెట్టి లేచింది. ఉయ్యాలలోంచి సోంబరుని తీసుకుని బయటికి నడిచింది. ఆవిడ వెనక మిగతావాళ్ళంతా లేచారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అందరూ వెళ్ళి వాకిట్లో ఎండలో కూర్చున్నారు.

మేనేజరు గారు పరుగున వచ్చారు. "ఏమైంది? మిమ్మల్ని లేవమని ఎవరు చెప్పారు?"

నేనే అని చెప్పబోయాను. చెప్పేలోపే గంగ అందుకుంది. "ఎవులూ సెప్పలేదు సారూ. మాకే భయమేసింది. ఆ తలుపు తీసి ఇంకోపాలి సూడండి."

ఆయన నన్ను చూశారు, వాళ్ళను చూశారు, విసుక్కుంటూ మల్లేశుకి చెయ్యి ఊపారు. మల్లేశు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. తలుపు తీసి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, ఈ మూల నుంచి ఆ మూల దాకా తడిమాడు. దిగి వచ్చి చెయ్యి చూపించాడు. మసి కూడా అంటలేదు.

"ఏటీ లేదు" అన్నాడు.

నేను తల దించుకుని, ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు నవ్వుతారు అనుకుంటూ నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఒకావిడ చీర దులుపుకుంది. ఇంకొకావిడ, పొద్దున్నే ఎండ తగిలింది మంచిదే అంది.

"ఏటీ లేదంట. మంచిదే కదా" అంది గంగ. "పదండి, కూకుందాం."

నా పక్కనుంచి వెళ్తూ ఆగి, సోంబరుని ఒక చంకకి మార్చుకుని, రెండో చెయ్యి చాపింది. వెన్నెల నన్ను అడగకుండానే అటు వంగిపోయింది. ఇద్దర్నీ ఎత్తుకుని లోపలికి వెళ్ళి, రెండో ఉయ్యాల కట్టింది. తర్వాత బ్లోయర్ వేశారు.